ఒక్కరు లేకపోయినా

ఫిబ్రవరి నెల, మిన్నెసోటాలో ఒక యూనివర్సిటీ. ప్రొఫెసర్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆవిడా, ఆవిడ దగ్గర ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడూ.

“ఈ వేసవికి డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోతానండీ.”

“నువ్వెళ్తే ల్యాబ్‌లో కంప్యూటర్లు ఎవరు చూస్తారు? నువ్వు లేకపోతే ఇక్కడ ఒక్క పనీ సాగదు.”

“ఇంతకీ నా పరిశోధన దేనిమీదండీ?”

“నాకే పరీక్ష పెడుతున్నావా? నెట్‌వర్క్‌లో ఏ ఒక్క కంప్యూటర్ పడిపోయినా, మిగతావి పని ఆగకుండా నడుపుకోవడం మీద.”

“ఆ పడిపోయేది నేనే అనుకోండి.”

“మాటలు బాగానే ఉన్నాయి. మన ల్యాబ్‌లో రుజువు చెయ్యి, సంతకం పెడతాను.”

“చేశానండీ. పోయిన వారమంతా నేను ఊళ్ళోనే లేను. మా అక్కతో కలిసి, గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి చేపలు పడుతూ కూర్చున్నాను.”

“కోతలు కొయ్యకు. నా మెయిళ్ళకి రోజూ జవాబులొచ్చాయి. బుధవారం సర్వర్ పడిపోతే పావుగంటలో లేచింది కూడా.”

“అదంతా ఈమధ్యే మన ల్యాబ్‌లో చేరిన అమ్మాయి, సిగ్రిడ్ చేసిందండీ. అన్నీ నేర్పే వెళ్ళాను.”

కాగితం మీద ఆవిడ పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

“సరే, నువ్వెళ్ళు. ఆ సిగ్రిడ్ మాత్రం ఇక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు.”