వెనక సీటు

బండ్లు పాసుచేసే ఇన్‌స్పెక్టరు ప్రకాశానికి బాబూమియా అంబాసిడర్ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. గేటుదాకా ఎదురెళ్లాడు.

"మంజూరొచ్చింది మియా! మీ అమ్మీని పండవెట్టి దవాఖానకు తీస్కపోను వెనక సీటు పీకించినవ్ గద, ఇగ గట్లనే పాసు చేస్త."

"షుక్రియా సాబ్."

"పోయినసారి వాపస్ పంపిన్నని గుస్సా ఉందా? మంజూరు లేకుంట బండి మారిస్తె కానూన్ ఒప్పదు. పై ఆఫీసు సుట్టు నేనే తిరిగిన."

"గుస్సా ఏంది సాబ్."

ప్రకాశం వెనక తలుపు తెరిచాడు. పోయినసారి సీటు స్థానంలో ఉన్న, పరుపు పరిచిన చెక్క లేదు. పాత సీటు బిగించి ఉంది.

"అరే! మళ్ల సీటెందుకు పెట్టించినవ్?"

బాబూమియా సీటు మీది దుమ్మును రుమాలుతో తుడిచాడు.

"అమ్మీని భుజాల మీదనే తీస్కపోయినం సాబ్. కబరస్తాన్ దాంక ముసలోళ్లు నడవలేరు గద, వాళ్లు కూసుంటందుకు పెట్టించిన."