మట్టి పరీక్ష

సూరత్‌లో భూకంపం వచ్చి ఇరవై మూడు రోజులైంది. ఉన్ అనే ఊరి దగ్గర, ఒకప్పుడు వాగు పారిన చోట మట్టి పోసి కట్టిన ఇళ్ళ వరుసలో, సర్వే ఇంజనీరు సంధ్యారాణి పొద్దుటి నుంచీ నలభై గడపలు ఎక్కి దిగింది. నలభై ఒకటో గడప ఒక్కటే మిగిలింది. ఆ గుమ్మానికి అడ్డంగా ఇంటావిడ కొమురవ్వ నిలబడి ఉంది.

"...ఒక్క పగులు లేదు బిడ్డా, నువ్వే సూడు. గా బాజు ఇండ్లన్నీ నెర్రెలు వాసినయ్. మాది సూడు, సున్నం గూడ రాలలే."

"చూసిన పెద్దమ్మా. పగుళ్ళు ఒక్కటే కాదు, ఇంకా చూసేటివి ఉన్నయి. జర లోపటికి రానియ్యి."

"లోపట ఏముంది? ఏం లేదు. నువ్వు తెలుగుపిల్లవా? మొన్న అచ్చినోళ్ళకు గుజరాతీ తప్ప రాదు. వాళ్ళు చెప్పింది నాకు సమజ్ గాలే, నేను చెప్పింది వాళ్ళకు సమజ్ గాలే. బయటి నుంచే సూసి పోయిండ్రు."

"మా నాయినది వేములవాడ దిక్కు. నేను ఈడనే పుట్టిన. నాయిన ఇరవై ఏండ్లు బట్ట నేసే సాంచెలు నడిపిండు."

"మా ఆయన గూడ సాంచెల కార్ఖాననే. పల్సానల. కూసో, నీళ్ళు తాగు."

"తర్వాత తాగుత. ముందు పని కానియ్యి. పది నిమిషాలు, బస్."

"నీ సంచిల గా ఎర్ర కాయితం ఏంది?"

"ఎర్రది ఉంది, పసుపుది ఉంది, ఆకుపచ్చది ఉంది. ఇల్లు నిలుస్తదా లేదా చూసినంక ఏది అంటియ్యాల్నో తెలుస్తది."

"ఆకుపచ్చది అంటియ్యి."

"చూడకుండ ఎట్ల అంటిస్త పెద్దమ్మా? చూడకుండ..."

"ఆగినవేంది?"

"ఏం లేదు. చూడకుండ అంటియ్యద్దు. జర జరుగు."

"సరే, రా. చెప్పులు ఇడువకు. కింద ఇసుక ఉన్నది."

"ఇదిగో, ఈ పట్టెల నీళ్ళ బుడగ ఉంది చూడు. నేల సమంగ ఉంటే అది నడుమ నిలుస్తది. చూడు, ఎట్ల ఉరుకుతున్నదో."

"మా ఇల్లు మొదటిసంది గంతే."

"కాదు పెద్దమ్మా. వెనుక దిక్కు జానెడు దిగింది. ఇంట్ల గిన్నె పెడితే జరుగుతలేదా?"

"జరిగితే ఏమాయె? చేతులు అడ్డం వెట్టుకుంట."

"ఇంట్ల ఎంతమంది ఉంటరు? రాసుకోవాలె."

"ఇద్దరం."

"పెద్దనాయిన పేరు?"

"సోమలింగం."

"ఎక్కడున్నడు ఇప్పుడు?"

"డ్యూటీకి పోయిండు."

"పల్సాన కార్ఖానలన్ని బంద్ ఉన్నయి గదా. భూకంపం నాటిసంది."

"ఇద్దరమనే రాసుకో బిడ్డా. ముప్పయ్యేండ్లసంది అదే చెప్తున్న. నోటికి ఇంకో మాట వస్తలేదు."

"మాఫ్ చెయ్యి పెద్దమ్మా. నా దగ్గరున్న జాబితాల ఎవరు పోయిండ్రో లేదు. ఇంటి నంబర్లే ఇచ్చిండ్రు."

"మీ జాబితాల లేకపోతే ఏంది. సూసుకున్నవు గదా, పో ఇగ."

"ఆ తాడ్‌పత్రి పరదా వెనుక ఏముంది?"

"సామాను."

"గోడ ఉండాలె గదా ఆడ?"

"సామాను అంటున్న గదా. గుంజకు. గుంజకు బిడ్డా, దుమ్ము వడ్తది."

"గోడ మొత్తం పోయింది. పెద్దమ్మా, నువ్వు ఈ గదిలనే పండుకుంటున్నవా? కప్పు ఒక్క బాజు ఆధారం లేకుండ ఉన్నది. ఆ స్కూల్ల అందరికీ జాగ ఇచ్చిండ్రు గదా, ఎందుకు పోలే?"

"పోయిన. ఒక్క దినం ఉన్న. ఆడ నిద్ర పట్టలే."

"నీ పిల్లలు?"

"ఒక్కతే. కరుణ. భీవండిల ఉంటది. తోలుకపోత అని అచ్చింది, ఏడ్సింది, పోయింది. నేను పోలే."

"ఈ ఇసుక ఎందుకు ఎత్తలే? మోకాలు మట్టం ఉన్నది. అందరు ఎత్తి బయట పోసుకున్నరు."

"ఎత్తనియ్యలే. శ్యాంసుందర్ అని పక్కింటి పోరడు పార తెచ్చిండు. నేనే వద్దన్న."

"ఎందుకు?"

"ఆయన మంచం గాడనే ఉండె. రాత్రి పాళీ చేసి పొద్దుగాల అచ్చిండు. ఇంత తిన్నడు, పండుకున్నడు. పగటి నిద్ర గదా, ఎల్తురు పడద్దని తలుపు దగ్గరికేసి నేను బయట బట్టలు పిండుతున్న. పన్నెండు దాటింది. బకీటుల నీళ్ళు ఊగినయ్. ఎవలన్న తన్నిండ్రా అని ఎనక్కి సూసిన. ఎవలు లేరు. గప్పుడు కాళ్ళ కింద భూమి... ఎట్ల చెప్పాలె నీకు. మెత్తగైంది. గట్టిగ ఊగింది తక్కువ, మెత్తగైంది ఎక్కువ."

"చెప్పొద్దు పెద్దమ్మా, కష్టమైతే వద్దు."

"అడుగుతివి గదా, ఇను. తలుపు గుంజిన. రాలే. ఇనుప తలుపు. ఇల్లు వంకర వోయి సౌకట్ల ఇరుక్కున్నది. ఆయన లేసిండు. లోపటి నుంచి పిలుస్తున్నడు. ఏమన్నడో ఎరుకేనా? నీళ్ళు ఎక్కడియే కొమురవ్వా, నల్లా ఇడిసిపెట్టినవా అన్నడు."

"నేలల నుంచి ఉబికినయి."

"నాకేం తెలుసు. నల్లా బందే ఉన్నదయ్యా అన్న. మంచిగ సూడు, మోకాళ్ళ దాక అచ్చినయ్ అన్నడు. నేను ఉరికిపోయి నల్లా సూసిన. తలుపు ఇడిసిపెట్టి, నల్లా సూసిరావోయిన బిడ్డా. బందే ఉన్నది. మళ్ళ ఉరికొచ్చి బందే ఉన్నదయ్యా అన్న. అగో, గప్పుడు ఎనుక గోడ పడ్డ సప్పుడు ఇనవడ్డది. శ్యాంసుందర్ గడ్డపార తెచ్చి తలుపు ఇరగ్గొట్టిండు. గప్పటికి..."

"ఊఁ."

"నేను నల్లా కాడికి పోకుంటె ఏమన్న అయితుండెనా? నువ్వు సదువుకున్నదానివి. నిజం చెప్పు."

"ఏం కాకపోయేది. తలుపు నీతోని వచ్చేది కాదు పెద్దమ్మా. నీ తప్పు ఇసుమంత లేదు. ఒట్టు."

"అందరు గదే అంటున్నరు."

"అందరు ఓదార్పుకు అంటరు. నేను లెక్క తెలిసి చెప్తున్న. ఈ ఇంటి కింద అయిదారు మీటర్ల దాక వదులు ఇసుక. దాంట్ల వాగు నీళ్ళు. ఊరికె ఉన్నంతసేపు ఇసుక గింజ గింజ ఒకదాన్నొకటి పట్టుకొని ఇంటిని మోస్తది. భూమి ఊగితే ఆ పట్టు తప్పుతది. అప్పుడు అది నేల కాదు. నీళ్ళే."

"బీముల నూలుకు పెట్టే గంజి తీరు."

"అచ్చం గంజి తీరు. దాని మీద ఇల్లు నిలువది. ఒక్క బాజు దిగుతది. కింది నీళ్ళు, ఇసుక సందు దొరికిన కాడికెళ్ళి పైకి వస్తయి. మీ ఇంట్ల మంచం కిందికెళ్ళి వచ్చినయి."

"గల్లి మూలకు మిషన్ వెట్టిండ్రు గదా, సుత్తెతోని రాడ్ దించుతున్నరు. గది దీనికేనా?"

"దీనికే. సుత్తె ఎన్ని దెబ్బలకు రాడ్ జానెడున్నర దిగుతదో లెక్కబెడతరు. గట్టి నేల అయితే ముప్పై కొట్టాలె. ఈడ మూడు దెబ్బలకే దిగింది."

"మూడా?"

"మూడు."

"గంత అల్కగ తెలుస్తదా?"

"తెలుస్తది."

"ఇల్లు కట్టకముందుగూడ తెలుస్తదా?"

"తెలుస్తది. కట్టకముందే చూడాలె. చూసి, నేల దిమ్మిస కొట్టి గట్టి చేసి, అప్పుడు కట్టాలె. లేకుంటే ఆడ కట్టద్దు."

"మరి సూసిండ్రు గదా. సూసినట్టు కాయితం గూడ ఉన్నది మా దగ్గర."

"కాయితం... దాచిపెట్టినవా?"

"ఆయన దాసిండు. ట్రంకుల, పెండ్లి చీరె మడతల. ఉండు తీస్త. తడువలే, ట్రంకు అటక మీద ఉండె. ఇగో. నాకు సదువు రాదు. శ్యాంసుందర్‌కు ఇస్తె ఏడన్న పారేస్తడని ఇయ్యలే. ఏం రాసిండ్రో నాకు తెలుగుల చెప్పు."

"ఇప్పుడెందుకు పెద్దమ్మా. ఆ రంగు కాయితం సంగతి చూద్దాం ముందు."

"ఎర్రదే గదా? నాకు సమజైంది. అంటియ్యి, నేనేం అడ్డం రాను. గని ఇది చదివి అంటియ్యి."

"నాకు..."

"మళ్ళ మడత వెడ్తున్నవేంది బిడ్డా? చదువు."

"చదువుత. ఇది మట్టి పరీక్ష రిపోర్టు. ఈ ప్లాటుల మూడు జాగలల్ల బొక్కలు వేసినం, పదిహేను మీటర్ల దాక పోయినం అని ఉంది."

"మూడు బొక్కలు."

"ఆ. నేల గట్టిగ ఉంది, ఇండ్లు కట్టుకోవచ్చు, భూకంపం వచ్చినా ఫికరు లేదు అని ఉంది."

"ఎప్పుడు వేసిండ్రు బొక్కలు?"

"ఎనిమిదేండ్ల కింద. మార్చి నెలల."

"మార్చిల మేము దినాం ఈడికి అస్తుంటిమి. పక్క సొసైటీ ఇండ్లల్ల కిరాయికి ఉంటుంటిమి. ఈ జాగ ఉత్తగనే ఉండె, మేకలు మేస్తుండె. గిసొంటి మిషన్ సప్పుడు ఎన్నడు ఇనలే నేను. ఇనవడకుండ వేస్తరా?"

"వెయ్యరు."

"మరి?"

"ఎవరు వెయ్యలే పెద్దమ్మా. ఎవరు ఈడికి రాలే. ఇంకో కాడ, ఉధన దిక్కు గట్టి నేల ఉన్న ప్లాటు లెక్కలు తెచ్చి దీంట్ల ఎక్కిచ్చిండ్రు."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు."

"ఎట్ల తెలుసు బిడ్డా?"

"ఎక్కిచ్చింది నేనే. నాకప్పుడు ఇరవై మూడేండ్లు. మొదటి నౌకరీ. ఆఫీసుల సారు ఆ లెక్కల కాయితం నా ముందటేసి, ప్లాటు నంబరు మార్చి టైపు చెయ్యి అన్నడు. సార్, ఒకసారి పోయి చూసొద్దామా అని అడిగిన. ఒక్కసారే అడిగిన. ఎండల ఏం పోతవు, అంత ఒక్క తీరు నేలనే అన్నడు. నాకూ పోవుడు తప్పిందని మంచిగనే అనిపిచ్చింది. టైపు చేసిన, కింద సంతకం పెట్టిన. ఇంటికి పోయి నాయినకు చూపెట్టిన గూడ, నా పేరు మీద రిపోర్టు పోతున్నదని. నాయిన మిఠాయి తెచ్చిండు. ఏమన్న అను పెద్దమ్మా. తిట్టు."

"నువ్వు ఈడికెట్ల అచ్చినవు మరి?"

"భూకంపం వచ్చినంక ఏ ఏ సొసైటీలు దిగబడ్డయో పేపర్ల వేసిండ్రు. దీని పేరు చూసిన. ఆ నౌకరీ ఎప్పుడో ఇడిసిపెట్టిన, గని సర్వేకు మనుషులు కావాలె అంటే పేరిచ్చిన. ఈ లైను నేనే అడిగి తీసుకున్న. అందరి ఇండ్లు ఎక్కి దిగుతున్న. మీ ఇంట్ల ఎవరన్న పోయిండ్రా అని అడుగుతున్న, ఎవరు పోలేదు అంటుంటే పానం నిమ్మళమైతుండె. నీ ఇల్లు ఒక్కటే మిగిలింది."

"నీళ్ళు తాగు."

"వద్దు పెద్దమ్మా."

"తాగు. పొద్దటిసంది తిరుగుతున్నవు."

"ఈ కాయితం నాకు ఇయ్యి. లేకుంటే నువ్వే వట్టుకొని నాతోని రా. కలెక్టరాఫీసుల ఇస్త. నేనే చేసిన అని రాసిస్త. ఆ సారు పేరు, నా పేరు, రెండు రాసిస్త. పెద్దనాయిన పేరు పోయినోళ్ళ జాబితాల ఎక్కేదాక ఆణ్ణుంచి కదల."

"ఆయన పేరు ఎక్కితే ఆయన అస్తడా?"

"రాడు."

"ఈ కింద ఉన్న పేరు నీదేనా? సంధ్యారాణి?"

"నాదే. నీకు... నీకు చదువు రాదంటివి గదా?"

"రాదు. ఆయన చదివిండు, నేను ఇన్న. ఆయనకు ఈ జాగ మనసుకు పట్టలే బిడ్డా. అడుగేస్తే మడిమె దిగుతున్నది, మనకొద్దని బయానా పైసలు ఎనక్కి తీస్కుంట అని పోయిండు. బిల్డర్ గీ కాయితం చేతిల వెట్టిండు. అంతా ఇంగిలీషు, ఏం తెల్వలే. కింద వేలు వెట్టి, ఒక్కొక్క అచ్చరం కూడవలుక్కుంట పేరు చదివిండు. చదివి నవ్విండు. 'మనోళ్ళ పిల్లనే కొమురవ్వా, మన సాంచెలోళ్ళ పిల్లనే అయివుంటది. మన పిల్ల మనకు అబద్ధం రాయది, తీస్కుందాం' అన్నడు."