కాగితంలో లేని జైలు

“ఇనండహో! రేపట్నుంచి తెప్పలు సంద్రంలోకి దించరాదహో! మీరినోళ్లకి జుర్మానా, జైలహో!” అని వీధి సివర్నుంచి కేకెట్టుకొచ్చినాడు మా సాటింపు అసిరయ్య. నవ్వుతావేటల్లుడూ? మా గున్నమ్మత్త సంగతి సెప్పమన్నావు గదా, ఆ కేకతోనే మొదలెట్టాల. జపానోడు విశాపట్నం మీద బాంబులేసిన ఏడు, నలభై రెండు. నాకు ఇరవయ్యేళ్లుంటాయి. మా పేటలో తప్పెట మోగితే హుకుమే, మారుమాట నేదు. తెప్పలన్నీ ఇసకెక్కించీసినారు. ఆర్రోజులు! గంజి నీళ్లయిపోనాది. చీపురుపల్లి సంతకి సేపలు మోసే మా అత్త, ఖాళీ గంప బోర్లించి దానిమీదే కూకున్నాది. ఏడో నాడు లేసి, “ఆ కాగితం నాను సూడాల” అన్నాది. అచ్చరమ్ముక్క రాదు, సూస్తాదట!

అసిరయ్యని కూడా ఎంటేసుకుని మునసబు భీమశంకరరావు గారి అరుగు కాడికి ఎల్లినాం. “సదవండి బాబూ, సివరాకరి దాకా.” ఆయన కళ్లజోడెట్టుకుని, “విమానముల వలన అపాయము గలదు గాన, వేటకు వెళ్లవద్దని సలహా ఇవ్వడమైనది.” “మరి జైలేదండి?” ఆయన కాగితం తిరగేసి, “జైలా? ఇందులో లేదే! రాత్రి ఒడ్డున దీపం పెడితే జుర్మానా. అదిగో, అది వేరే కాగితం, ఆర్డరు, సెక్షను వేసి ఉంది. ఇది మంచి మాట, అంతే.” అత్త గిర్రున తిరిగి, “ఒరే అసిరయ్యా! జైలెక్కడ్నుంచి తెచ్చినావురా?” “ఏటి సెయ్యను గున్నమ్మా? ముప్పయ్యేళ్లై ప్రతి సాటింపుకీ సివర అదే అంతన్నాను. నోరు దానంతటదే అనీసింది!”

నాను గంతేసినాను. అత్త గంతెయ్యనేదు. “ఆగండర్రా. జైలు అబద్ధమైతే ఇమానం అబద్ధమా? ఆర్డరైతే తలొంచుకోడమే. సలహా అయితే మన బుర్ర మనమే వాడుకోవాల” అన్నాది. సూసినావా, బళ్లో కాలెట్టని మనిషి! రెండే తెప్పలు, పగలే, ఒడ్డు కనపడినంత దూరమే, సప్పుడినిపిస్తే వల కోసీసి వచ్చీడమే. ముందు తెప్పెక్కించింది ఎవుల్ననుకున్నావు? ఒక్కగానొక్క కొడుకు జోగయ్యని! ఆ పగలంతా ఒడ్డున నిలబడి ఆకాశమే సూసినాది, సంద్రం సూడనేదు.

పొద్దు గూకక ముందే రెండు తెప్పలూ వచ్చీసినాయి, నిండా కానాగంత సేపలు! దీపం ఆర్డరుంది గదా, ఎలుతుర్లోనే పులుసు కాసి ఇసకలో ఆకులేసినారు. అసిరయ్య మట్టుకు దూరంగా తప్పెట ఒళ్లో ఎట్టుకుని కూకున్నాడు, తలెత్తడు. అత్త ఎల్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చీసినాది. “మా సేపే గదరా నీ కూలి. నువ్వూ ఆర్రోజులు పస్తే గదా. కూకో.” ఆడు కూకున్నాక గాని ఎవులూ ముద్దెత్తనేదు.