రసీదు ఎవరి పేరున ఉంది

హలో… ఆ, నేనే బావా. రంపానికి సాన పడుతున్నా. ఆపాను, చెప్పు.

…ఆ, ఇక్కడే ఉంది. నా చెల్లెలు నా ఇంటికి రాకూడదా?

…మెల్లగా చెప్పు. ఏం జరిగింది?

…నీ నామినేషన్ తీసుకోలేదా? పేట సంఘానికి అధ్యక్షుడివి, నీదే తీసుకోలేదా?

…జాబితాలో పేరు లేదన్నాడా గుమాస్తా. పన్ను కట్టినవాడికే ఓటు, ఓటున్నవాడికే పోటీ. నువ్వు పెట్టించిన రూలే కదా.

…కట్టావు, సరే. ఎవరి పేరున?

…అదీ సంగతి. ఆడవాళ్ల పేరున ఉంటే పన్ను సగమని, ఇల్లూ కర్రకోత మిల్లూ నా చెల్లెలి పేరున రాయించావు. రసీదులన్నీ దానివే. నీ పేరున గోరంత కూడా లేదు.

…నవ్వట్లేదు. దగ్గు.

…మర్చిపోలేదు. మూడేళ్ల కిందట సభలో కుర్చీ ఎక్కావు. మా బావమరిది రేకుల కింద కూర్చుని సాన పడతాడు, పైసా పన్ను కట్టడు, ఇతనూ నేనూ ఒకటేనా అన్నావు. జనం నవ్వారు. నేను అయిదో వరసలో ఉన్నా.

…సరదాకన్నావా. సరే.

…సబ్బు కొన్నా పన్నే, అగ్గిపెట్టె కొన్నా పన్నే. నలభై ఏళ్లుగా కడుతున్నా. అవి లెక్కలోకి రావన్నది నువ్వే.

…దాని పేరున నామినేషన్ వేయిస్తావా, సంతకం కావాలా? పేరు దానిది, పెత్తనం నీది. బాగానే ఉంది. ఆలస్యమైంది బావా.

…పొద్దున్నే నామినేషన్ వేసేసింది. తనంతట తనే. మీ మిల్లు పక్క కుట్టుపనావిడ బలపరిచింది.

…నేను నేర్పానా? ఫారం చదవడానికే నా మూడో తరగతి చాలదు. ఆఫీసు దాకా తోడెళ్లా, అంతే.

…గెలిచాక ఆ రూలు కొట్టేయిస్తానంది. కొట్టేయించు, కానీ ఈ ఒక్కసారికి ఉండనీ అన్నా. కిందటి ఓట్లప్పుడు బంట్రోతు నన్ను రెక్క పట్టి వరసలోంచి లాగేశాడు. ఈసారి నిన్ను లాగాలి. నేను చూడాలి.

…పగే. కాదనను.

…బంధుత్వమా? కుర్చీ ఎక్కినప్పుడు గుర్తుకు రాలేదే.

…దాన్ని పిలవాలా? ఉండు.

…

బావా, తీరిక లేదంది. చెప్పులేసుకుంటోంది. ఇవాళ ఓటున్నవాళ్లతోనే మాట్లాడుతుందట.

పెట్టేస్తున్నా.