దోన్కా సిస్టర్ పట్టుకుపోయిన గ్లాసు

ఇంత చలిలో, ఆయాసాన్ని కూడా లెక్కచేయకుండా వచ్చిన మిత్రులారా! మన సెవ్లియెవో ఆసుపత్రి గుండె వార్డు నర్సు, మన దోన్కా సిస్టర్ మొన్న మంగళవారం కన్నుమూసింది. నేను కోస్తదిన్‌ని, బస్సు నడిపినవాణ్ణి. నాకు ప్రసంగాలు రావు. కానీ నేను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడాలి? గుండె నీరసించి, ఒక్క చలికాలంలో మూడుసార్లు అదే మంచం ఎక్కిన ఘనుణ్ణి నేనే కదా!

మూడోసారి డాక్టరు గారు సూటిగానే చెప్పారు, మళ్ళీ ఇలా ఒంట్లో నీరు చేరితే బతకడం కష్టమని. ఉప్పు మానేశానని నేను ఒట్టేశాను. నిజమే, ఉప్పు డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం కూడా. అందరూ నమ్మారు. దోన్కా నమ్మలేదు. నన్ను ఇంటికి పంపిన నాలుగో రోజున వచ్చి తలుపు తట్టింది. వంటగది చూసింది, నేరుగా నేలమాళిగలోకి దిగింది. అక్కడేముంది? మీ ఇళ్ళలో ఏముందో అదే! చలికాలానికి ఊరవేసిన క్యాబేజీ పీపా. దాని కుళాయి పక్కన మేకుకు నా గ్లాసు. పొద్దున్నే ఆ పీపాలోని ఊరనీళ్ళు గ్లాసెడు తాగితే ఒంటికి మంచిదని మా తాత నేర్పిన అలవాటు. అది ఉప్పునీరని నాకు తోచనేలేదు, మిత్రులారా! "ఏం పెద్దాయనా, ఉప్పు తినట్లేదన్నావు గానీ, తాగుతున్నానని చెప్పలేదేం?" అంది.

పీపా పారబోయమనలేదు. అన్నా మన ఊళ్ళో ఎవరు వింటారు? గ్లాసు మాత్రం సంచిలో వేసుకుని పోయింది. వెళ్ళేముందు, క్యాబేజీని నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి కొంచెమే వండాలని మా ఆవిడకు చేసి చూపించింది. మర్నాటి నుంచి వార్డులో ప్రతివాళ్ళనీ ముందు పీపా సంగతే అడిగిందట!

ఇంటికి వెళ్ళే రోజున మన బూట్లు దాచేసేది, గుర్తుందా? రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చెయ్యాలి, ఇదంతా మన నోటితోనే చెప్పించుకున్నాకే తిరిగిచ్చేది. "అర్థమైందని చెప్పకు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు!" అనేది. వెల్కో కల్నల్ గారూ, మీరు సాయంత్రం దాకా మేజోళ్ళతోనే కూర్చున్నారు కదా! నవ్వండి, ఫరవాలేదు.

బూట్లు చేతికిస్తూ ఆమె అనే చివరి మాట మనందరికీ తెలుసు. "పో, నీ మొహం మళ్ళీ నాకు చూపించకు." నేను విన్నాను. ఐదేళ్ళుగా ఆ వార్డు మెట్లు ఎక్కలేదు. ఆమే జబ్బుపడి అక్కడ చేరిందని తెలిసినా, వెళ్తే తిడుతుందిలే అనుకుని ఊరుకున్నాను. వెళ్ళాల్సింది, మిత్రులారా. వెళ్ళాల్సింది.

కాళ్ళు వాచినవాళ్ళు లేవకండి, ఆమె ఒప్పుకోదు. మిగతావాళ్ళం లేచి, ఆమె ఫొటో వైపు తిరిగి, ఒక్క నిమిషం మాట లేకుండా నిలబడదాం. ఈ ఒక్కసారికి ఆమె మాట కాదని, మన మొహాలు చూపిద్దాం.