డప్పు లాజరు కోడలు బేసు గిటారు కొన్న కథ

డప్పు లాజరు కోడలు సువార్తమ్మ ఉందా, ఆ పిల్లకి బేసు గిటారు కావాలంట. మామూలు సన్న తీగల గిటారు కాదు, బేసు. నాలుగే తీగలు, ఒక్కోటి కరెంటు వైరంత లావు. అది మోగితే చెవికంటే ముందు పొట్టకి తెలుస్తది. పాట అయిపోయినాక బేసు వాయించింది ఎవరని ఒక్కరూ అడగరు, కానీ ఆ మనిషి లేకపోతే పాటకి కాళ్ళు లేవనుకో. ఊఁ కొడతా ఉండండి, లేకపోతే నిద్దరపోయారనుకొని ఆపేస్తా. ఈ పిల్ల పెళ్ళికి ముందు బాపట్ల హాస్టల్లో ఉండి చదువుకుందంట. అక్కడ పాటలు నేర్పే టీచరమ్మ దగ్గర మూడేళ్ళు బేసు వాయించింది. మా పాలెం కోడలుగా వచ్చినాక ఐదేళ్ళు దాన్ని ముట్టుకోలా. ముట్టుకోలేదు గానీ మర్చిపోలా. మిరపకోతకి పోయి మధ్యాన్నం అన్నాలు తిని కూర్చున్నప్పుడు ఎడంచేతి వేళ్ళు కుడి ముంజేతి మీద వేసి నొక్కుకుంటా ఉండేదంట. ఏందే పిల్లా, నరం పట్టిందా అని మా ఆడోళ్ళు అడిగితే, కాదక్కా, పాట వాయించుకుంటున్నా అని చెప్పేది. దానికి దాపరికం లేదు. నాకొచ్చు అంటది, రాకపోతే రాదంటది, అంతే.

మా ఊళ్ళో రత్నం మాస్టారని పాటల పార్టీ నడిపే ఆయన ఉన్నాడు. ఆ పార్టీ ఆదివారం చర్చిలో పాడుద్ది, శనివారం పెళ్ళిళ్ళకు పోద్ది, ఎవరన్నా కాలం చేస్తే ఆ ఇంటికి పోయి ఓదార్పు పాటలు పాడుద్ది. ఆ పార్టీలో ఒక కట్టుబాటు ఉంది. వాయిద్యం ఎవరిదో కుర్చీ వాళ్ళది. నువ్వెంత మొనగాడివైనా సొంత వాయిద్యం లేకపోతే కూర్చోనియ్యరు. ఏమైందంటే, బేసు వాయించే మనిషి అత్తగారి ఊరికి పోయి స్థిరపడ్డాడు, పోతాపోతా గిటారు తీసకపోయాడు. కుర్చీ ఖాళీ అయింది. ఈ పిల్ల పోయి మాస్టార్ని అడిగిందంట. ఆయన కింద నుంచి పైదాకా చూసి, సరేనమ్మా, కోతపండగ నాటికి నీ గిటారుతో రా, మూడు పాటలు ఇస్తా, ఒకటి ప్రార్థన పాట, ఒకటి పెళ్ళి పాట, ఒకటి చావింటి పాట. మూడూ ఒక్క గిటారు మీదే పలకాల. నా పార్టీ తిరిగే తిరుగుడుకి మూడు గిటార్లు మోసే ఓపిక ఎవరికుంది? పలకలేదా, తెనాలి నుంచి ఒకాయన వస్తానంటున్నాడు, ఆయన్ని పెట్టుకుంటా. ఒకసారి పెట్టుకున్నాక మళ్ళీ తీసెయ్యను, అన్నాడు. తీసెయ్యబళ్ళేదు మాస్టారూ, నేనే వస్తా అని చెప్పి ఇంటికొచ్చింది సువార్తమ్మ.

ఆ పిల్లకి పుట్టింటోళ్ళు ఒక మేకని ఇచ్చారు. దాన్ని మేపి మేపి మూడు చేసుకుంది. మూడూ అమ్మితే పద్దెనిమిది వేలు వచ్చినయ్. మొగుడు ప్రకాశం ఆటో తోలతాడు, మంచోడే. మేకలు నీయి, ఇష్టం నీది, కాకపోతే తప్పు గిటారు తెచ్చుకున్నావంటే మళ్ళీ అమ్మటానికి ఇంట్లో ఏం లేదు, అది మటుకు గుర్తుపెట్టుకో అన్నాడు. తప్పుది ఎందుకు తెస్తా అంది ఈమె. లాజరు నేనూ వస్తానన్నాడు. నలభై ఏళ్ళు డప్పు కొట్టినోణ్ణి, మా ఇంటికి వాయిద్యం వస్తుంటే నేను చూడకుండానే కొంటారా అని తెల్ల పంచె కట్టుకొని బయల్దేరాడు. మామాకోడళ్ళిద్దరూ బెజవాడ బస్సెక్కారు.

కొట్లో కళ్ళద్దాలాయన కూర్చున్నాడంట. పద్దెనిమిది వేల లోపల నాలుగు తీగల బేసు, అన్ని రకాల పాటలకి పనికిరావాలండీ అని అడిగింది. ఆయన ముందు ఎర్రటిది దించాడు, దాని మీద నిప్పుమంటల బొమ్మ, అద్దంలాగా మొహం కనపడుద్ది. లాజరు చూసి, అబ్బ, బాగుందమ్మాయ్ అన్నాడు. సువార్తమ్మ మటుకు గిటారు మెడ పట్టుకొని, వడ్రంగోడు చెక్క వంకరుందా లేదా అని ఒక కన్ను మూసి చూస్తాడే, అట్టా చూసింది. వేలు అంచెమ్మట పైనుంచి కిందికి జార్చింది. మెడ మీద మెట్ల కమ్మీల కొసలు గీరుకుంటున్నయ్ మామా, నాలుగ్గంటల పెళ్ళిలో నా చెయ్యి తెగుద్ది అంది. తర్వాత బెల్టు తగిలించుకొని నిలబడి చేతులు వదిలేసింది. గిటారు తల నేలకి వాలిపోయింది. దీని తల మొయ్యటానికే నా ఎడంచెయ్యి సరిపోద్ది, ఇంక నొక్కేదెప్పుడు అంది. కళ్ళద్దాలాయన, ఏమనుకున్నాడో ఏమో, దాన్ని పక్కన పెట్టి ఈసారి ఐదు తీగలది తీశాడు. ఇది కూడా అదే రేటమ్మా అన్నాడు. ఇంక చూడు లాజరు సంబరం. అదే డబ్బుకి ఐదు ఇస్తుంటే నాలుగు తీసుకునే ఎర్రోళ్ళు ఉంటారా, తీసుకో అమ్మాయ్ అని పట్టుబట్టాడు. మనోళ్ళకి కొసరంటే ప్రాణం గదా, నేనైనా అదే అందును. సువార్తమ్మ నవ్వి, మామా, అదే డబ్బు ఐదు తీగలకి పంచితే ఒక్కోదానికి తగ్గుద్ది గదా. ఇదిగో ఆ లావు తీగ విను, బుసబుస తప్ప మాట లేదు. నాకు నాలుగే చాలు, నాలుగూ మాట్లాడాల అంది. లాజరు విన్నాడు. వినటం మాత్రం ఆ ముసలాయనకి వచ్చు. నిజమే, గొంతు పూడుకుపోయింది అన్నాడు.

మూడోది బ్యాటరీ వేసేది. మోగిస్తే కొట్టు అద్దాలు అదిరినయ్యంట. బ్యాటరీ అయిపోతే? అని అడిగింది. అయిపోతే మోగదమ్మా అన్నాడాయన. చావింట్లో పాట మధ్యలో బ్యాటరీ అయిపోయిందని ఎవరికి చెప్పుకోనండీ, వద్దు అంది. అప్పుడు మూలనున్నది కనపడింది. కాఫీపొడి రంగు, బొమ్మల్లేవు, మెరుపుల్లేవు, దుమ్ము పట్టి ఉంది. అదియ్యండి అంది. దానికి తీగల కింద రెండు చోట్ల సౌండు పట్టుకునే అచ్చులు ఉన్నయ్యంట, మెడ దగ్గర ఒకటి, కింద ఒకటి. మెడ దగ్గరదాని గుండీ తిప్పితే గుండ్రంగా, మెత్తగా వస్తది, ప్రార్థనకి సరిపోద్ది. కిందిది తిప్పితే కోతగా, గట్టిగా వస్తది, పెళ్ళికి. రెండూ సగం సగం కలిపితే చావింటి పాటకి. గుండీలు తిప్పేటప్పుడు బరబరమంటదేమో విన్నది, అన్లా. మెడ చూసింది, తిన్నగా ఉంది. చేతులు వదిలింది, తల వాలలా. అన్నీ అయినాక వైరు పీకేసి, మామా, ఇంక నువ్వు చూడు అంది. లాజరు గిటారు వీపు మీద అరచెయ్యి పరిచి కళ్ళు మూసుకున్నాడంట. కోడలు మెట్టు మెట్టుకీ వాయించుకుంటా పోతంది. ఒక్కో మెట్టుకీ ఆయన తల ఊపుతా ఉన్నాడు. ఏ మెట్టు దగ్గరైనా చెక్క మూగబోతే ఆ చేతికి తెలిసిపోద్ది. మొత్తం అయినాక కళ్ళు తెరిచి, ఇందులో దొంగ మెట్టు ఒక్కటి కూడా లేదమ్మాయ్, కట్టించు అన్నాడు. కళ్ళద్దాలాయన చెప్పిన రేటులో రెండొందలు తగ్గించి, బెల్టు ఊరికే ఇచ్చాడు.

ఇక్కడిదాకా లాజరు చెప్తే విన్న ముక్క. ఇక్కణ్ణుంచి నేను కళ్ళారా చూసిందే చెప్తున్నా. కోతపండగ వచ్చింది. ముందురోజు వాన, ఆ రోజు పొద్దున కూడా ముసురే. చర్చి నిండా జనం, వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు. తెనాలాయన కూడా వచ్చి కూర్చున్నాడు, ఎందుకైనా మంచిదని మాస్టారు పిలిపించాడు. సువార్తమ్మ పొద్దున్నే గిటారు తెచ్చి చర్చి వెనక వసారాలో పెట్టి, తడిసిన చీర మార్చుకొస్తానని ఇంటికి పోయింది. లాజరు కాపలా. ఏమైందంటే, ఆ ముసలాయనకి ముసురు చూసేసరికి బెంగ పట్టుకుంది. ముసురుకి డప్పు పలకదు గదా, మంట దగ్గర కాస్తేగాని లేవదు. కొత్త వాయిద్యం, కోడలికి ఇయ్యాల పరీక్ష, చెమ్మ తగిలి మూగబోతే ఎట్టా అని, రెండు పిడికిళ్ళు వరిగడ్డి తెచ్చి మంటేశాడు. ఆ గిటారుని డప్పుని కాచినట్టు ముందూ వెనకా తిప్పుకుంటా కాచాడు. ఎంత పదిలంగా కాచాడనుకున్నారు, పసిబిడ్డకి వీపు కాచినట్టు.

ఆ పిల్ల వచ్చేసరికి వెనకంతా వార్నీషు వాసన. గిటారు వీపున రంగు బొబ్బలెక్కింది. నాలుగు తీగలూ సడలి వేళ్ళాడుతున్నయ్. లాజరు ఇంకా సంతోషంగానే ఉన్నాడు, ఇప్పుడు కొట్టు అమ్మాయ్, కణకణమంటది అన్నాడు. కోడలి మొహం చూసినాక అర్థమైంది పాపం. నేను పాడుచేశానా అన్నాడు. మూడు మేకలు, ఐదేళ్ళ ఎదురుచూపు, అంతా ఆ మంటలో పడ్డట్టే గదా. నేనైతే నానా మాటలు అనేవాణ్ణి. ఆ పిల్ల ఒక కన్ను మూసి మెడ చూసింది, వంగలా. వైరు పెట్టి తీగ లాగింది, మోగింది. ఏం కాలేదు మామా, ఒళ్ళు కాలింది గానీ గొంతు బాగానే ఉంది. వేడి మీద తీగలు బిగిస్తే చల్లారేకొద్దీ శ్రుతి పైకి పోద్ది, అందుకని రెండు పాటలదాకా ఆగాల, అంతే అంది.

రెండు పాటలు ఆగటానికి పండగ ఆగుద్దా? జనం లేచి నిలబడ్డారు, పాట మొదలెట్టాల. మాస్టారు చూశాడు, సరే, తెనాలాయన్ని కూర్చోమంటా అన్నాడు. సువార్తమ్మ ఆ కుర్చీకి అడ్డం నిలబడింది. వాయిద్యం తెచ్చినోళ్ళదే కుర్చీ అని కట్టుబాటు పెట్టింది మీరే గదా మాస్టారూ. తెచ్చా. కుర్చీ నాది. ఈ రెండు పాటలకీ అందులో ఎవరు కూర్చోవాలో నేను చెప్తా. మా మామ కూర్చుంటాడు, డప్పుతో, అంది.

చర్చిలో తలలన్నీ ఒక్కసారి లాజరు వైపు తిరిగినయ్. ఎందుకంటే మా చర్చిలోకి డప్పు ఎప్పుడూ రాలేదయ్యా. తాతల నాడు ప్రభువుని నమ్ముకున్న రోజునే దాన్ని గడప బయట పెట్టారు. లాజరు ఎన్ని పెళ్ళిళ్ళకి కొట్టినా, ఎన్ని శవాల ముందు కొట్టినా, ఆదివారం మటుకు డప్పు ఇంట్లో కొయ్యకి తగిలించి ఉత్త చేతులతో వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. ముందు వరసలో నుంచి ఒక సంఘపెద్ద లేచాడు. ఇదేం పద్ధతమ్మా, డప్పు చర్చిలోకి రావటానికి వీల్లేదు అన్నాడు గట్టిగా. ఆ పిల్ల ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలా. పెదనాన్నా, మీ నాయన్ని సమాధికి మోసకపోయిన రోజున ముందు నడిచింది మా మామ డప్పే. వెనకాల మీరు ఏడ్చుకుంటా నడిచారు. అక్కడిదాకా రానిచ్చిన దాన్ని ఇక్కడికి ఎందుకు రానియ్యరు? అని అడిగింది. ఆ పెద్దమనిషి కూర్చున్నాడు. పాస్టరు గారు లేచి, డప్పు తెచ్చుకో లాజరూ అన్నాడు.

లాజరు పరుగున ఇంటికి పోయి డప్పు తెచ్చి, వెనకున్న ఆ మంటకే రెండు తిప్పులు కాచి, ఆ కుర్చీలో కూర్చొని కర్రలు పక్కనపెట్టి, ఉత్త అరచేత్తో కొట్టాడు. మెత్తగా, లోపలికి. నేల మీద కాళ్ళకి తెలిసింది నాకు. రెండు పాటలయినాక సువార్తమ్మ తీగలు బిగించుకొని పక్కన నిలబడింది. మాస్టారు చెప్పిన మూడు పాటలూ వాయించింది. గుండీ ఇటు తిప్పితే ప్రార్థన, అటు తిప్పితే పెళ్ళి. మూడోది ఆ ఏడు పోయినోళ్ళ పేర్లు చదివి పాడిన పాట. దానికి మామనీ వాయించమంది. బేసేదో డప్పేదో విడదీయటానికి లేకుండా వాయించారు ఇద్దరూ. జనం ఏడ్చారు. తెనాలాయన కూడా కళ్ళు తుడుచుకొని, మాస్టారూ, నాకిక్కడ పనిలేదు, అన్నం పెడితే తిని పోతా అన్నాడు. ఇప్పుడు ఆ పార్టీలో బేసు పక్కన ఇంకో కుర్చీ వేస్తున్నారు.

కథ ఇంతే. ఆ లేచి అడ్డం చెప్పిన సంఘపెద్ద ఎవరని అడగరేం? నేనేనయ్యా. మా నాయన్నే ఆ డప్పు సాగనంపింది. వచ్చే నెలలో మా మనవరాలి పెళ్ళి. ఇద్దరూ వచ్చి వాయిస్తేగాని తాళి కట్టించుకోనని అది మొండికేసి కూర్చుంది. లాజరు ఇంటికి పోయి పిలవాల. పొద్దుట్నుంచి చెప్పులేసుకోవటం, విప్పటం, మొహం చెల్లక ఇట్టా మీకు కథలు చెప్పటం. మీలో ఎవరన్నా తోడొస్తారా, ఇప్పుడే పోయొద్దాం.