ఖాళీ రక్తంలో చేదు

ల్యాబుకి ఎదురుగా టీ కొట్టు. బెంచీ మీద ఓ ముసలాయన టీ తాగుతున్నాడు. ఆ ల్యాబులోనే ముప్ఫై ఏళ్లు రక్తం గొట్టాలు యంత్రంలో తిప్పి, పైకి తేరిన పసుపు నీరు వేరుచేశాడు కనుక ఆయనకి గిరగిర పెద్దాయనని పేరు. ఏడేళ్ల కిందట పెద్దాఫీసరు "నీ చెయ్యి వణుకుతోంది" అని ఇంటికి పంపించాడు. ఇక ఆ గుమ్మం తొక్కనని పెద్దాయన ఒట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు అక్కడ పనిచేసే మేనకోడలు బెంచీ చివర తలొంచుకుని కూర్చుంది. నేలవేము మందు తాగినవాళ్ల రక్తంలో ఆ చేదుసారం ఇసుమంత చేరినా కొలిచి చెప్పడం ఆమె పని. అందుకు ముందుగా ఆ సారం బొత్తిగా లేని, దాతలిచ్చిన ఖాళీ రక్తాన్ని యంత్రానికి చూపించాలి. ఆ ఖాళీ రక్తంలోనే చేదు తేలింది. గొట్టాలు సరిగా కడగలేదని అదే ఆఫీసరు నేరం ఆమె మీదే పెట్టాడు. సాయంత్రంలోగా కారణం చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ఎలాగైనా ఆ పిల్ల తల ఎత్తించి తీరాలనుకున్నాడు పెద్దాయన. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ మనిషికేం తెలుసమ్మా రక్తం సంగతి? నేనున్నప్పుడు గొట్టం వెలుతురుకి ఎత్తి చూస్తే చాలు, పొద్దున ఏం తిన్నాడో చెప్పేసేవాణ్ణి."

"ఎవరింట్లో తిన్నాడో కూడానా?" అన్నాడు పక్క కొట్టు దర్జీ.

"చెప్పేవాణ్ణే. రెండు కాపురాల్లో గొడవలయ్యాయని మానేశాను. ఓసారి నన్ను పరీక్షించాలని వీధి నీళ్ల ట్యాంకులో ఒకే ఒక్క నేలవేము ఆకు వేసి, మూణ్ణెల్లయ్యాక చుక్క తెచ్చి నాలుక మీద వేశారు. చేదన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకు ఎడంవైపు కొమ్మదని కూడా చెప్పాను."

"మా టీలో పంచదార లేదని మాత్రం రెండో గ్లాసు దాకా తెలీదు," అన్నాడు టీ కొట్టాయన.

"నాలుకదేముంది, నా రక్తం సంగతి వినండి. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే గ్లాసెడు నేలవేము కషాయం. నన్ను కుట్టిన దోమ మొహం చిట్లించుకుని పోతుంది. అలాంటి రక్తం పోయిన నెల దానం చేశాను."

మేనకోడలు తల ఎత్తింది. "ఎక్కడ మావయ్యా?"

"మీ ల్యాబుకే. వీధివైపు గదిలో తీశారులే, అది గుమ్మం కింద లెక్క కాదు. మొదటి సూది వంగింది. రెండోది విరిగింది. మూడోదానికి జాలిపడి దారిచ్చాను. ఆ సీసా యంత్రంలో పెట్టారా, చేదుకి యంత్రం గీసే గీత కాగితం దాటి, గోడెక్కి, కప్పుకి తగిలి, ఆఫీసరు నెత్తిన దిగింది."

"నెల రోజులుగా ఏ మూలికా ముట్టలేదని వేలిముద్ర వేశావుగా?"

"వేశాను. మూలికంటే మందు. నాది అలవాటు."

"గీత గోడెక్కలేదు మావయ్యా. గోరంత లేచింది. ఆ గోరంత కోసమే మూడు వారాలుగా గొట్టాలు కడుగుతున్నాను." పగిలి ఎర్రబడ్డ చేతులు చూపించింది.

"ఏం పెద్దాయనా, కషాయం కూడా కోతేనా?" అన్నాడు దర్జీ.

అవునంటే, పరువు ఎలాగూ పోయింది గనుక, ఆ గుమ్మం తొక్కననే ఒట్టైనా దక్కుతుంది. పెద్దాయన ఆ చేతులే చూస్తూ కూర్చున్నాడు. చివరికి కండువా దులిపి లేచాడు.

"అదొక్కటే నిజం. పదమ్మా, ఆ మనిషి మొహం మీదే చెప్తాను."

ఇద్దరూ రోడ్డు దాటారు. గుమ్మం దగ్గర మేనకోడలు గొంతు తగ్గించింది.

"సూదుల మాట మాత్రం ఎత్తకు మావయ్యా. ఆ చేదు సీసా చీటీ మీద పేరుండదు గానీ మిగతాదంతా రాసుంటుంది. సూది చూడగానే కళ్లు తిరిగి పడ్డాడు, నీళ్లు చల్లి లేపాం అని."

పెద్దాయన గడప మీద కాలు వేశాడు.

"చెంబెడు చల్లారు. దాని సంగతీ అడుగుతాను, పద."